యాభైసార్లు రాయించిన తప్పు

టీసీ వొద్దనేదేంది కామాక్షమ్మా? బళ్ళు తెరిచి పది రోజులైంది. అయిదో తరగతి అయిపోయిన పిల్లలంతా టీసీలు తీసుకొని విడవలూరు హైస్కూల్లో చేరిపోయినారు. మీ వినీలది ఒక్కటే నా బల్ల మీద పడుంది. మూడుసార్లు కబురు పెట్టినా. ఇప్పటికి తీరిందా నీకు? వచ్చినదానివి వచ్చి, వొద్దంటావా?

ముందు లోపలికి రా. గడప కాడ నిలబడితే ఎట్టా? కింద గాదు, కుర్చీలో. నీకు దండం పెడతా, కుర్చీలో కూర్చో తల్లీ. పిల్లలు ఇళ్ళకి పొయ్యినారు, ఎవరూ లేరు.

ఆ సంచీలో ఏంది? పీతలా! నాకెందుకు తెచ్చినావు? అయిదేళ్ళు పాపకి చదువు చెప్పినందుకా? అబ్బ... ఆ మాట అనబాక. ఇంటికి తీసుకుపో. నాకు గొంతు దిగదు.

సరే, చెప్పు. హైస్కూలు వొద్దు, మరి పిల్ల ఏం చేస్తది? ... రొయ్యల షెడ్డుకా? మీ అక్కతోనా? పదకొండేళ్ళు కూడా నిండలేదే! ... నువ్వు పొమ్మనలా, అదే పోతానంటావుందా? ఏమని?

"నాకు లెక్కలు రావు మా, బుర్రలేదు" అనిందా.

వినీల అనిందా ఆ మాట?

ఉండు. నీళ్ళు తాగనీ.

కామాక్షమ్మా, ఆ పిల్లకి బుర్రలేకపోవడం కాదు. నేను చెప్తే నువ్వు నమ్మాల. గురుకులం సీటు ఒక్క మార్కులో పోయిందని పాళెమంతా అనుకున్నారు గదా? "తలరాత టీచరమ్మా" అని నువ్వే నాతో అన్నావు, ఆ చేపల రేవు కాడ. నేను తల ఊపినా. తలరాత కాదమ్మా. ఆ మార్కు నేను పోగొట్టినా.

ఏంది అట్టా చూస్తావు? మతి పోయి మాట్లాడటంలా. విను.

పోయిన ఏడాది దసరా సెలవలైనాక రేఖలూ కోణాలూ పాఠం మొదలుపెట్టినా. నిజం చెప్తన్నా, లెక్కలంటే నాకు భయం. పదో తరగతిలో నాకు లెక్కలు పోయినాయి, మళ్ళీ కట్టి పాసయినా. తెలుగు చెప్పమను, పద్యం చెప్పమను, గుక్క తిప్పుకోకుండా చెప్తా. లెక్కల గంట కొట్టినారంటే నా అరచేతులు చెమట్లు పడతాయి. టీచరుకి భయమేందని నవ్వుతావేమో! ఇరవై ఏళ్ళుగా ఉంది ఆ భయం. ఎవరికీ చెప్పలా, మా ఇంటాయనకి గూడా.

మొదట రెండ్రోజులు బాగానే నడిచింది. బోర్డు మీద చుక్క పెట్టి, ఇది బిందువు, దీనికి పొడవు లేదు, వెడల్పు లేదు, చోటు మాత్రమే ఉంది అన్నా. తాడు తెప్పించి ఇద్దరు పిల్లల చేత బిగబట్టించినా. ఈ చేతికీ ఆ చేతికీ మధ్యన ఉండేది రేఖాఖండం, దీనికి రెండు కొసలున్నాయి అన్నా. రెండు పక్కలా ఆగకుండా పోయేది రేఖ. ఒక కాడ మొదలై ఒక పక్కకే పోతానే ఉండేది కిరణం. టార్చిలైటు వేసి చూపించినా. "మొదలుంది, చివర లేదు" అని అందరి చేతా పాటలాగా అనిపించినా. మీ పాప గొంతే గట్టిగా వినపడింది.

మూడో రోజు కోణం. రెండు కిరణాలు ఒకే బిందువు కాడ మొదలైతే కోణం. అది పుస్తకంలో ఉంది, చదివి చెప్పినా. తర్వాత నా సొంత తెలివి చూపించినా. బోర్డు మీద రెండు కోణాలు గీసినా. రెండూ ఒకే తీరుగా తెరుచుకున్నాయి గానీ, భుజాలు, అంటే ఆ గీతలు, ఒకదానివి జానెడు, ఇంకొకదానివి బోర్డు సగం దాకా. ఏది పెద్దది అని అడిగినా. క్లాసంతా "రెండోది టీచర్" అని అరిచినారు. "శెబాష్" అన్నా. భుజాలు పొడుగైతే కోణం పెద్దది, రాసుకోండి అన్నా.

మీ పాప లేచి నిలబడింది. "రెండూ సమానం గదా టీచర్" అనింది.

ఎట్టా అన్నా.

"కిరణానికి చివర లేదని నిన్న మీరే చెప్పినారు గదా టీచర్. చివర లేనిదానికి పొడుగేంది, పొట్టేంది? మీరు బోర్డు మీద ఆపేసినారు గానీ, అవి పోతానే ఉంటాయి గదా?"

నేను చెప్పిన మాటలే తెచ్చి నా ముందర పెట్టింది. చెమట్లు పట్టినాయి. ముప్పై మంది పిల్లలు నా మొహమే చూస్తావుండారు. అప్పుడన్నా "ఉండమ్మా, చూసి చెప్తా" అంటే పొయ్యేదేముంది? అన్లా. "కళ్ళు కనపడటంలా? ఎదురుగా పెద్దది కనపడతా ఉంటే సమానమంటావా? పెద్ద లాయరమ్మ బయల్దేరింది!" అన్నా. పిల్లలు పడి పడి నవ్వినారు. ఆ రోజు నుంచి దాన్ని లాయరమ్మ అనే పిలిచినారు. ఆ పేరు పెట్టింది నేనే.

అది కూర్చోలా. "కాదు టీచర్" అనింది మళ్ళీ. యాభైసార్లు రాసుకురా అన్నా. "భుజాలు పొడుగైతే కోణం పెద్దది." యాభైసార్లు.

గుర్తొచ్చిందా? ... ఆ, ఆ రోజే. వాకిట్లో కూర్చొని చీకటి పడేదాకా రాసిందా? ... నువ్వు పక్కన కూర్చొని విసిరినావా దోమలు కుట్టకుండా? మీ వీధిలో వాళ్ళని పిలిచి చూపించినావా, మా పాప ఎంత బాగా రాస్తావుందో చూడండి అని?

దేవా...

అసలు సంగతి ఇంకా చెప్పలా. ఆ సాయంత్రం ఇంటికి పొయ్యినాక మనసు ఊరుకోలా. కోణమానిని తీసి, కాగితం మీద అట్టాగే రెండు గీసి, కొలిచినా. దీనికి నలభై డిగ్రీలు, దానికీ నలభై. మళ్ళీ పెట్టినా. మూడోసారి గూడా పెట్టినా. పుస్తకం తిరగేస్తే, తర్వాతి పేజీలోనే ఉంది, భుజాల పొడవుతో కోణానికి పని లేదని. నేను ఆ పేజీ దాకా చదవకుండానే క్లాసుకి పొయ్యినా.

నీకు అర్థం కాలేదా? చూడు, ఇటు చూడు. ఈ తలుపు ఇంత తీసినా. ఆ కిటికీ రెక్క కూడా అంతే తీసినా. తలుపు పెద్దది, రెక్క చిన్నది. కానీ తెరుచుకోవడం? ... ఆ! ఒకటే గదా! చూసినావా, బడి మొహం చూడని దానివి, నిమిషంలో చెప్పేసినావు. నీ బిడ్డకి ఆ తెలివి యాడి నుంచి వొచ్చిందో ఇప్పుడు తెలిసింది.

పొద్దున్నే చెప్పేద్దామనే వచ్చినా. ప్రార్థన చేసుకొని మరీ వచ్చినా. మీ పాప అందరికంటే ముందు నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టింది. యాభై వరసలు, ఒక్క కొట్టివేత లేదు. అప్పుడే హెడ్మాస్టరు రంగనాయకులు సారు రిజిస్టరు రాసుకునేదానికి వచ్చి మా క్లాసులో కూర్చున్నారు. ఆయన ముందర ఎట్టా చెప్పేది? రేపు చెప్తాలే అనుకున్నా. ఆ రేపు ఆదివారం. సోమవారం వేరే పాఠం. నోటుబుక్కులో ఎర్ర సిరాతో టిక్కు పెట్టి, కింద "గుడ్" అని రాసినా. తప్పని తెలిసి రాసినా కామాక్షమ్మా. అప్పుడు తెలుసు నాకు.

గురుకులం పరీక్షకి నెల్లూరు తీసకపొయ్యింది నేనే గదా. బయట చెట్టు కింద కాచుకోనున్నా. గంట కొట్టినాక మీ పాప పరిగెత్తుకుంటా వచ్చింది, ప్రశ్నల కాగితం ఊపుకుంటా. "టీచర్, కోణాలది వొచ్చింది! జవాబుల్లో సమానం అని గూడా ఇచ్చినారు. నాకు అదే పెట్టాలనిపించింది. కానీ మీరు చెప్పిందే పెట్టినా" అనింది.

మెచ్చుకుంటానేమో అని నా మొహం చూస్తా నిలబడింది. బస్టాండులో నిమ్మసోడా ఇప్పించినా. ఇంకేమీ చెప్పలా.

ఫలితాలొచ్చినాక దాని కాగితం ముందరేసుకొని ఒక్కొక్కటే సరిచూసినా. సీటుకి తక్కువైంది ఆ ఒక్క మార్కే.

ఏమన్నా అను. తిట్టు. ఆ పీతలు నా మొహాన కొట్టు, పడతా. ఇంకొకటి గూడా విని తిట్టు.

రొయ్యల చెరువుల ఆసామి నరేంద్రబాబు కూతురు ప్రత్యూష లేదా, అదే క్లాసు? సంక్రాంతి సెలవలకి ముందు బోర్డు మీద కూడిక తప్పేసినా. ఆ పిల్ల లేచి "టీచర్, తప్పు" అనింది. నేనేం చేసినానో తెలుసా? "థాంక్సమ్మా, భలే పట్టుకున్నావు" అని క్లాసంతా చప్పట్లు కొట్టించినా. మీ పాప గూడా కొట్టింది. ఆ పిల్లకి లాయరమ్మ అని పేరు పెట్టాలని నాకు తోచలా. యాభైసార్లు రాయించాలని తోచలా. నేను మాలపల్లెలో పుట్టినదాన్ని. చిన్నప్పుడు నన్ను వెనకాల కూర్చోబెట్టిన టీచర్లని ఇప్పటికీ తిట్టుకుంటా. అయినా తోచలా.

రేపు వినీలని తీసుకొనిరా. రానంటే నేనే మీ పాళెం వస్తా. దాని ముందర, దాని స్నేహితుల ముందర చెప్తా. హైస్కూల్లో నేనే చేర్పిస్తా...

లేస్తావేంది? ఏదో ఒకటి అను కామాక్షమ్మా.

... ఏమన్నావు?

"పోనీలే టీచరమ్మా, మీరు పెద్దోళ్ళు, బాధపడబాకండి" అంటావా? నా చెయ్యి పట్టుకొని నువ్వు ఓదారుస్తావా నన్ను?

మీలాంటోళ్ళు ఇట్టాగే అంటారని తెలిసే గదమ్మా, ఆ రోజు నాకంత ధైర్యం వచ్చింది.