వాసన లేని కాఫీ పొడి

ఇదిగో షావుకారుగారూ, నన్ను చూసి అలా లోపలికి తిరిగిపోకండి! పొద్దున ఏడింటి నుంచి ఈ సున్నంతో గీసిన గుండ్రాలు ఒక్కొక్కటీ దాటుకుంటూ వచ్చాను, మిమ్మల్ని నాలుగు మాటలడిగి కడిగిపారేద్దామని.

ఏంటీ, సరుకుల చీటీ ఆ డబ్బాలో వెయ్యాలా? చీటీ లేదు, ఏమీ లేదు. కొనడానికి రాలేదు ఇవాళ. మొన్న మీరిచ్చిన కాఫీ పొడి మీ మొహాన కొట్టిపోదామని వచ్చాను. ఇదిగో, బల్ల మీద పెడుతున్నా. కాఫీ పొడేనా అది? రంపపు పొట్టు నయం కదండీ!

మాస్కా? లాక్కుంటానులెండి. ఇందాకట్నుంచీ అరుస్తున్నా మీకు వినబడదని దించాను.

నేనెవరో తెలుసుగా మీకు? ఆడపిల్లల హాస్టల్లో ఇరవై రెండేళ్ళు వంట చేసినదాన్ని. పిల్లలందర్నీ ఇళ్ళకి పంపించేసి హాస్టల్‌కి తాళం వేశారు కాబట్టి ఇలా నిలబడ్డాను గానీ, మీ బస్తాలన్నీ దిగింది నా ముందే కదా? పప్పు ముక్కిపోయిందని బస్తా మూతి విప్పకుండానే చెప్పేదాన్నా, కాదా? పాలు ఇంకో గంటలో విరుగుతాయంటే విరగాల్సిందే! వార్డెనమ్మ నన్ను పేరు పెట్టి ఏనాడైనా పిలిచిందా? 'ముక్కమ్మా' అనేది. అలాంటి ముక్కునా మీరు మోసం చేసేది?

జనానికి వేరే దారి లేదు, ఏది పడేసినా నోర్మూసుకుని పట్టుకుపోతారు. అంతేగా మీ ధీమా?

పోనీ నాకోసమైతే ఊరుకుందును. నేను కాఫీ తాగను. వాసన చూస్తే చాలు నాకు. ఇది మా అక్క కోసమండీ. మీరు చూసే ఉంటారు, సన్నగా, గాలేస్తే పడిపోయేలా ఉంటుంది. నూలు మిల్లులో పాతికేళ్ళు పనిచేసి, ఆ దూది దుమ్ముకి ఊపిరితిత్తులు పోగొట్టుకుంది. నడిస్తే ఆయాసం, నవ్వితే ఆయాసం. 'ఈ కరోనా గానీ ఆవిడకి సోకితే నేను చెయ్యగలిగేది ఏమీ ఉండదమ్మా' అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. దాంతో నాలుగు నెలలుగా ఆవిడని గుమ్మం దాటనివ్వలేదు నేను.

ఆవిడకి మిగిలిందల్లా రెండు పూటలా గ్లాసుడు కాఫీ. అదీ వేడిగా తాగలేదు, ఆవిరి తగిలితే దగ్గు. నేనే పక్కన కూర్చుని ఊది ఊది ఇస్తాను, చిన్నపిల్లకి ఇచ్చినట్టు.

ఎంత జాగ్రత్తగా ఉన్నాననుకున్నారు! ప్రతి ప్యాకెట్టూ సబ్బు నీళ్ళలో ముంచి, దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేస్తాను. ఉల్లిపాయలకి తలంటు పోసింది ఈ వీధి మొత్తమ్మీద నేనొక్కదాన్నే. నవ్వకండి, ఒళ్ళు మండుతుంది నాకు!

అంతెందుకు, మా తమ్ముడు. పక్క వీధిలోనే ఉంటాడు, ఆటో నడుపుతాడు. 'ఎవరెవర్నో ఎక్కించుకు తిరిగేవాడివి, గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా' అన్నాను. అక్కని చూడాలని వచ్చి, గేటు బయట నిలబడి చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు వెధవ. ఏడుపు ఆపుకోలేకపోయాడు. నేను కరిగానా? లేదు. నేను బయటికొచ్చినప్పుడల్లా గేటుకి తాళం కూడా వేసొస్తాను, వాడెక్కడ దూరతాడో అని.

ఇంత చేసి ఆవిడ ముందు ఈ మట్టి నీళ్ళు పెట్టాలా?

ఆవిడ సంగతి చెప్పనా? నిన్న రెండు గుక్కలు తాగి, 'భలే ఉందే' అంది! నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నా మనసు నొచ్చుకుంటుందని అబద్ధం. 'మిల్లు దుమ్ముకి నీ ముక్కు ఏనాడో చచ్చిపోయింది, నీకేం తెలుస్తుంది' అనేశాను. పాపం, గ్లాసు ఖాళీ చేసి నా చేతికిచ్చింది.

పొడి ఒక్కటేనా? ఆ సబ్బు! నిమ్మకాయ అట్ట మీదుంది, సబ్బులో లేదు. ఫినాయిలో? సగం సీసా బకెట్లో గుమ్మరించి ఇల్లంతా తుడిచానండీ, ఉత్త నీళ్ళు! ఫినాయిల్లో కూడా నీళ్ళు కలుపుతారా ఎక్కడైనా? అక్కేమో ముక్కు మూసుకుని, 'చాలే తల్లీ, ఘాటుకి కళ్ళు మండుతున్నాయి' అని ఒకటే దగ్గు. నాటకాలాడకు అన్నాను.

ఏంటీ? మీ ఇంట్లోనూ ఇదే పొడా? బాగుందా? చాల్లెండి, ఎవరికి చెబుతారు!

సరే, ఒక పని చెయ్యండి. కొత్త ప్యాకెట్టు నా కళ్ళముందు కత్తిరించండి. ఊఁ, కానివ్వండి. కొట్టు ముందు మీరు కట్టిన తాడు దాటి రానులెండి. పళ్ళెంలో పెట్టి ఇటు తొయ్యండి. ఒక్క క్షణం మాస్కు దించుతున్నా, వాసన చూడాలి కదా మరి.

చూశారా! ఏమైనా ఉందా? ఏమీ లేదు. నేను చెప్పలా?

ఏయ్ బాబూ, వెనకాల గుండ్రంలో ఉన్నాయన, మధ్యలో నీకేంటి? వాసన నీదాకా వచ్చిందా? అంత దూరం? మాస్కులోంచా? షావుకారుగారి చుట్టానివా ఏంటి నువ్వు?

మీరేంటండీ వెనక్కి జరుగుతున్నారు? గోడకి అతుక్కుపోయారేం?

అలా చూడకండి.

ఆ శానిటైజరు ఇటు తొయ్యండి. తొయ్యండంటే!

...చల్లగా ఉంది. చల్లగా ఉందంతే.

లేదండీ. నా ముక్కు అలాంటిది కాదు. ఇరవై రెండేళ్ళు...

మొన్న ఇక్కణ్ణించి వెళ్ళాక కాస్త ఒళ్ళు వెచ్చబడింది. మీ గుండ్రాల్లో ఎండకి నిలబడ్డందుకే అనుకున్నాను. మాత్ర వేసుకుంటే తగ్గిపోయింది. అక్కకి చెప్పలేదు. చెబితే కంగారు పడుతుందని... ఛ, అబద్ధమెందుకు? చెబితే తమ్ముణ్ణి పిలవమంటుంది. వాడొచ్చి, 'ఇంత చేసి నువ్వే తెచ్చావా అక్కా' అంటాడు. అది పడలేక చెప్పలేదు. అక్కని కాపాడుకొస్తున్నది నేనేనని పొగరండీ నాకు.

వాడికి ఫోన్ చెయ్యండి. మీ ఫోన్ నుంచే చెయ్యండి, నంబరు చెబుతాను. నాది ఇంట్లో వదిలేశాను, సబ్బుతో కడగడానికి కుదరదని. ఆటో తీసుకుని తిన్నగా ఇక్కడికి రమ్మనండి. గేటు తాళంచెవి ఈ పళ్ళెంలో పెడుతున్నా, కడిగివ్వండి. అక్కని ఇప్పుడే డాక్టరుకి చూపించమనండి. నేను ఇంటికెళ్ళను. అదిగో, ఆ చివరి గుండ్రంలో నిలబడతాను.

బాబూ, దూరం జరగయ్యా. ఇందాక అన్న మాటలు మనసులో పెట్టుకోకు.

ఆ రెండు ప్యాకెట్లూ ముట్టుకోకండి షావుకారుగారూ. మీ పొడి మంచిదే.

వాడికి ఇంకో మాట చెప్పండి. అక్కకి కాఫీ ఇస్తే ఊదొద్దనండి. చల్లారేదాకా ఆగమనండి, అంతే.

ఇవాళ పొద్దున కూడా నేను ఊదే ఇచ్చాను. భలే ఉందే అంది.