జైలు గదిలో వీకెండ్

టెక్సాస్‌లో ఒక పాత జైలును హోటల్‌గా మార్చారు. కాలేజీ నాటి స్నేహితురాళ్లు ఇద్దరు కాపెల్ అనే ఊరి నుంచి అక్కడికి వచ్చారు. గది చూద్దామని ఒకామె లోపలికి వెళ్లగానే రెండో ఆమె ఊచల తలుపు మూసి తాళం వేసింది.

"ఏయ్, జోకులు చాలు. తలుపు తియ్యి."

"తియ్యను. నేపర్‌విల్ నుంచి ఉషశ్రీ వస్తోంది."

"నా పెళ్లికి రాని ఉషశ్రీయా? ఆరేళ్లుగా దాంతో మాటల్లేవని నీకు తెలీదూ?"

"తెలుసు కాబట్టే తాళం వేశా. లేకపోతే కారెక్కి పారిపోతావు."

"మెట్ల మీద ఎవరో వస్తున్నారే! తియ్యవే తల్లీ, నీకు దణ్ణం పెడతా."

"ముందు జుట్టు సరిచేసుకో. దెయ్యంలా ఉన్నావు."

"నేనిక్కడ ఉన్నానని తెలిస్తే అదే వెనక్కి తిరిగి పోతుంది, చూడు."

"దానికి తెలుసు."

"తెలిసీ వస్తోందా?"

"ఈ జైలు వెతికి బుక్ చేసిందే అది. నిన్ను లోపల పెట్టి తాళం వెయ్యమన్నదీ అదే. బయట ఉంటే నువ్వు దాని మాట విననే వినవట."

మెట్ల మీది అడుగులు గది తలుపు దాకా వచ్చి ఆగాయి.

"సరే, తియ్యి."

"పారిపోవుగా?"

"పోను. దాన్ని కూడా లోపలికి తోసి, మళ్లీ తాళం వెయ్యి."