అక్క కుర్చీకి కట్టిన దారం

అందరికీ నమస్కారం. వీధిలోవాళ్ళందరూ వచ్చారు. కుర్చీలు చాలలేదని అనడానికి లేదు, ఈ పాత సామాన్ల కొట్టు నిండా కుర్చీలే. ఆ మూల స్టూలు మీద కూర్చున్న మందుల షాపాయన మాత్రం కాస్త జాగ్రత్త. దానికి ఒక కాలు ఇంకా సరిగ్గా బిగించలేదు. బిగించాల్సిన మనిషి పోయింది. అందుకే మనమిక్కడ చేరాం.

నన్ను మాట్లాడమన్నారు. ఎదురు వరసలో బట్టలు కుట్టుకునేదాన్ని, నాకు ఉపన్యాసాలు రావు. పైగా ఏడుపూ రావడం లేదు. అక్క పోయిన దగ్గర్నుంచీ లోపలంతా మొద్దుబారిపోయింది. నిన్న మిషను మీద కూర్చుని ఒక చొక్కా చెయ్యి మొత్తం కుట్టేశాను. చూసుకుంటే సూదిలో దారమే లేదు. గుడ్డకు వరసగా చిల్లులు పడ్డాయంతే. ఆ చొక్కా తాలూకు మనిషి ఇక్కడే ఉన్నారు. బాబూ, ఇప్పుడు గొడవ పెట్టుకోకండి, కొత్తది కుట్టి ఇస్తాను.

ఆమెను కుర్చీలక్క అన్నాం. అక్క అన్నాం. ఆమె తన తమ్ముణ్ణి “తమ్ముడూ” అని కేకేస్తుంటే విని విని, వీధి మొత్తం అతన్ని తమ్ముడనే పిలుస్తోంది. నాకంటే పెద్దవాడు, అయినా తమ్ముడే. అదిగో, తలుపు పక్కన ఉన్నాడు. మీరందరూ కూర్చున్నారు, అతనొక్కడే నిలబడ్డాడు. ఎందుకో తెలిసి కూడా ఎవరం నోరు విప్పడం లేదు. నేను విప్పుతాను.

పోయిన వారం ఒక మధ్యాహ్నం వార్నిష్ అయిపోయిందని అక్క అతన్ని బజారుకు పంపింది. అతను డబ్బా పట్టుకుని తిరిగొచ్చేసరికి అక్క ఇదిగో, ఈ చేతుల కుర్చీలోనే, పెట్టుకున్న కళ్ళద్దాలు పెట్టుకున్నట్టే ఉండగా పోయింది. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. ఆ రోజు నుంచి తమ్ముడు ఎక్కడా కూర్చోలేదు. నిలబడే తింటున్నాడు. గోడకు ఆనుకునే కునుకు తీస్తున్నాడు. ఆ పాదాలు చూడండి, ఎలా వాచిపోయాయో. ఈ కుర్చీకి మాత్రం ఆ చేతి నుంచి ఈ చేతికి అడ్డంగా దారం కట్టాడు. ఈ కొట్లో దారం కట్టారంటే ఏమిటి? ఆ కుర్చీ అమ్ముడైపోయింది, ఇక ఎవరూ కూర్చోకూడదు.

మనం ఇక్కడ ఎన్నిసార్లు కూర్చోలేదు? కొనేది లేకపోయినా వచ్చేవాళ్ళం. మనుషులు కూర్చోకపోతే కుర్చీ బిగుసుకుపోతుందని అక్కే పిలిచేది. బేరం వస్తే లేచి ఇంకోదాంట్లోకి మారేవాళ్ళం.

అక్క నెమ్మదైన మనిషని నేను చెప్పను. అబ్బో, ఆ నోరు! ఒకసారి ఒకావిడ నల్లటి పాత టేకు బీరువా బేరమాడి, ఇంటికెళ్ళాక తెల్లరంగు వేయిస్తానంది. అంతే, అక్క శివాలెత్తింది. “ఈ బీరువాకు సున్నం కొడతావా? నీకు అమ్మను పో!” అంది. ఆవిడ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. మర్నాడు ఏమైంది? అక్క తనే ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. తిరిగొచ్చి బీరువా బండి ఎక్కించమంది. “పట్టపగలు కూడా లైటు వేసుకుంటున్నారే వాళ్ళు. ఉన్నది ఒక్క కిటికీ, దానికెదురుగా గోడ. తెల్లగానే వేసుకోనీ పాపం” అంది నాతో. తనే దగ్గరుండి రంగు వేయించింది. వేయిస్తున్నంతసేపూ తిట్టింది, అది వేరే సంగతి.

రెండో వరసలో లెక్కల మాస్టారు ఉన్నారు. మాస్టారూ, మీ సంగతి చెప్పనా? సరేనంటున్నారు.

మాస్టారి భార్య పోయినప్పుడు, ఆవిడ కూర్చునే పేము కుర్చీని వెంటనే తీసుకుపొమ్మని కబురు పెట్టారు. అది కళ్ళెదురుగా ఉంటే ముద్ద దిగడం లేదన్నారు. అక్కతో నేనూ వెళ్ళాను. అక్కకొక పద్ధతి ఉంది. పోయినవాళ్ళ కుర్చీ ఏ ఇంటి నుంచి తెచ్చినా, ముందు ఆ ఇంటివాళ్ళు దాంట్లో ఒకసారి కూర్చోవాలి. లేకపోతే బండి ఎక్కించేది కాదు. తొలిరోజుల్లో ఊరికే తెచ్చేస్తే, ఆ ఇంటివాళ్ళు తర్వాత మన కొట్టుకు వచ్చి కుర్చీ ముందు బిక్కమొహంతో నిలబడేవాళ్ళు. కొనరు, కూర్చోరు, వెళ్ళరు. ఆ బాధ చూడలేక పెట్టుకున్న పద్ధతి అది.

మాస్టారు ససేమిరా అన్నారు. అక్క కదిలితేనా? గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. “ఇప్పుడు కూర్చోకపోతే రేపు మా కొట్టుకొచ్చి నిలబడతారు మాస్టారూ. కూర్చోండి, మేమెక్కడికీ పోం” అంది. ఎంతసేపటికో ఆయన కూర్చున్నారు. కూర్చుని భోరుమన్నారు. అక్క గుమ్మంలోంచి కదల్లేదు. ఏడ్చి ఏడ్చి ఆయనే లేచి, ఇక పట్టుకెళ్ళమ్మా అన్నారు. ఆ పూట అన్నం తిన్నారు.

తమ్ముడూ, ఆ రోజు బండి పట్టుకున్నది నువ్వే. ప్రతి ఇంటికీ బండి పట్టుకున్నది నువ్వే. మరి ఈ ఇంటి సంగతేమిటి? “నేను వార్నిష్‌కు వెళ్ళకుండా ఉంటే అక్క బతికేది” అంటున్నావు. కాదని డాక్టరు చెప్పాడు, నువ్వు వినలేదు. నేను చెప్పినా వినవు. అందుకే వాదించను. నిన్నలా చూస్తుంటే మాత్రం నాకు భయమేస్తోంది. మా అందరికీ భయంగానే ఉంది. ఒక మనిషి పోయింది చాలు.

ఇక మౌనం పాటించాలి. దయచేసి అందరూ లేవండి. మాస్టారూ, నిలబడటం కష్టమైతే మందుల షాపాయన భుజం పట్టుకోండి. కత్తెర నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఇదిగో, దారం కత్తిరించేశాను. తమ్ముడూ, మేమందరం లేచాం, నువ్వొక్కడివి వచ్చి ఇందులో కూర్చో. ఏడుపొస్తే ఏడువు. ఎంతసేపయినా సరే, నువ్వు కూర్చునేదాకా మేమెవరం కూర్చోం.