సేనాధిపతి చివరి మాట

టోక్యోలో ఒక రికార్డింగ్ గది. బొమ్మల సీరియల్‌లో పంతొమ్మిదేళ్లుగా దుష్ట సేనాధిపతికి గొంతిస్తున్న ముసలి నటుడు మైకు ముందున్నాడు. అద్దం అవతలి నుంచి డైరెక్టరమ్మ మాట్లాడుతోంది.

“గురువుగారూ, మళ్లీ ‘వెళ్లొస్తానమ్మా’ అన్నారు. కాగితంలో ‘వెళ్తున్నానమ్మా’ అని ఉంది.”

“మూడోసారా?”

“నాలుగోసారి. సేనాధిపతి తిరిగిరాని యుద్ధానికి పోతున్నాడు. ఆ సంగతి అతనికీ తెలుసు, తల్లికీ తెలుసు.”

“తెలిస్తే మాత్రం, గుమ్మంలో నిలబడి వెళ్తున్నానని ఎవరంటారమ్మా? మన నోటికి రాదు.”

“తొమ్మిది గ్రహాలు తగలబెట్టినవాడు. వాడి నోటికి వస్తుంది.”

“తగలబెట్టినప్పుడు నా నాలుక ఒక్కసారి కూడా తడబడలేదు, చూశావా.”

“అందుకే పిల్లలకి మీరంటే దడ. ఆస్పత్రికి ఎన్నింటికి వెళ్లాలి?”

“ఇక్కణ్ణుంచి నేరుగా అక్కడికే. రేపు స్వరపేటిక తీసేస్తారు. నా మాట ఇవాళ్టితో సరి.”

“పొద్దున ఇంట్లో ఆవిడకి ఏం చెప్పి బయల్దేరారు?”

“ఏమీ చెప్పలేదు. బూట్లు సర్దిపెట్టి నా నోటివంక చూస్తూ నిలబడింది. తల ఊపి వచ్చేశాను.”

అద్దం అవతల డైరెక్టరమ్మ కలం తీసి కాగితంలో ‘వెళ్తున్నానమ్మా’ కొట్టేసింది.

“పోనీ, మీరన్నట్టే ఉంచేద్దాం. రచయితకి నేను చెప్పుకుంటాను.”

“వద్దు. వాడికి రాసిన మాటే సరైనది, అలాగే చెబుతాను. ముందు నాకో ఐదు నిమిషాలు ఇవ్వమ్మా, ఇంటికి ఫోన్ చేసుకోవాలి. వెళ్లొస్తానన్నది అక్కడ చెప్పాల్సిన మాట.”