మా ముందు ఒక్క బిడ్డే

అలా ఫైలు తిరగేస్తూ మాట్లాడకండి డాక్టరమ్మా, నా మొహం చూసి చెప్పండి! పిల్ల కుడికంటికి చూపు ఇక రాదన్నారు. సరే. ఎడమకంటికి ఆపరేషన్ చేసినా చూపొస్తుందో రాదో చెప్పలేమంటే నేనేమైపోవాలి?

కూర్చోనండీ. కూర్చుంటే మళ్లీ లేవలేను.

మూడున్నర నెలలు దీనికి. నా గొంతు వినబడితే చాలు, బోసినోరు తెరిచి నవ్వేస్తుంది. నన్ను చూసే నవ్వుతోందనుకున్నా! మొన్న మా ఆయన ఫోన్ లైటు అటూ ఇటూ ఆడించాడు. పిల్ల చూపు కదల్లేదు. కంటిపాపలో తెల్లగా ఏదో మెరిసింది.

మొదట్నుంచా? చెప్తా. బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పని నాది. రోజంతా నిలబడాలి. ఆరో నెలకే కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టలేదు. ఒకటే తలనొప్పి, కళ్లముందు మెరుపులు. చెకప్‌కి వెళ్తే బీపీ అంటారు, మంచం దిగొద్దంటారు, ఉన్న పని ఊడుతుంది. అందుకే ఎగ్గొట్టా. ఏడో నెలలో ఇస్త్రీ బల్ల పక్కనే ఫిట్సొచ్చి పడిపోయా. ఆ రోజే కోసి బిడ్డని తీశారు. కిలో రెండొందల గ్రాములు! ఇరవై రోజులు అద్దాల పెట్టెలో, ఆక్సిజన్ మీద.

ఆ అరుపులు వినబడుతున్నాయా? వరండాలో మా ఆయనే. కళ్లు చూపించమని ఒక్కరైనా చెప్పారా అని నర్సమ్మ మీద విరుచుకుపడుతున్నాడు. ఆయన కోపిష్టి కాదండీ. ఎవరూ చెప్పలేదని నేనే అన్నా.

ఆ తలుపు కాస్త వేయరూ...

చెప్పారు. ఇంటికి పంపేరోజు ఆ నర్సమ్మే నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. "నెలలు నిండని బిడ్డకి కంటి లోపలి నరాలు అడ్డదిడ్డంగా పెరుగుతాయి, పుట్టిన ముప్ఫై రోజుల్లోపు చూపిస్తే ఆపొచ్చు, మర్చిపోకు తల్లీ" అంది.

మర్చిపోలేదు. వచ్చా! ముప్ఫయ్యో రోజు, పొద్దున్నే, ఈ గది బయటే కూర్చున్నా. మా ముందు ఒక్క బిడ్డే. తలుపు సందులోంచి చూశా. రెప్పలు మూతపడకుండా తీగతో విప్పి పట్టారు. గుక్కపట్టి ఏడ్చిందండీ ఆ బిడ్డ! నా పిల్ల ఒంటినిండా అప్పటికే సూదిపోట్లు. ఇంకెంత హింస పెడతారనిపించింది. గుండెలకి అదుముకుని పారిపోయా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

రెండు నిమిషాలు ఏడ్చేది, అంతేగా? అంతేగా డాక్టరమ్మా?

తిట్టండి. తిట్టరేం?

సరే, కాగితం ఇటివ్వండి, సంతకం పెడతా. ఆయన్ని లోపలికి పిలవండి. మీరేం చెప్పొద్దు, నేనే చెప్తా. విన్నాక నా మొహం చూస్తాడో చూడడో... చూడకపోతే మానె. రేపెందుకండీ, ఆపరేషన్ ఇవాళే చేయకూడదూ?