వంగనివాడి మనవరాలు

రెండు వేల సంవత్సరం, ఆదివారం పొద్దున. సింగపూర్, టోవా పాయోలో ఆరో అంతస్తు ఫ్లాటు. డెబ్బై ఆరేళ్ళ కుమారమ్మ మనవరాలి కరాటే సంచీ మీద ఎక్కి కూర్చుంది. మాటలకి లేచే మనిషి కాదు.

"లే మామ్మా. తొమ్మిదిన్నరకి ఎగ్జామ్."

"లేవను."

"బ్లాక్ బెల్ట్ మామ్మా! ఆరేళ్ళ కష్టం. లే లా!"

"లా లేదు, గీ లేదు. నల్లపట్టీయే కావాలంటే చెప్పు, సెరంగూన్ రోడ్డులో గజం గుడ్డ నేనే కొనిపెడతాను."

"నిన్నటిదాకా బాగానే ఉన్నావ్ కదా. మైలో కలిపిచ్చి మరీ పంపేదానివి!"

"నిన్నటిదాకా నేర్పింది లిమ్ మాస్టారు. ఇవాళ పరీక్ష పెట్టేదెవరు? చెప్పు."

"సెన్సే."

"అంటే?"

"పెద్ద గురువుగారు."

"ఏ ఊరాయన?"

"ఒకినావా."

"అదెక్కడుంది కీర్తికా?"

"అదో దీవి మామ్మా."

"ఎవరి దీవి?"

"...జపాన్."

"ఆ, ఇప్పుడొచ్చింది నోట్లోంచి. మీ ఆఫీసు పార్థసారథి పొద్దున్నే ఫోన్ చేసి, జపాన్ గురువుగారొచ్చారు మామ్మగారూ అన్నాడు కాబట్టి తెలిసింది. లేకపోతే నాకెవరు చెప్తారు?"

"వాడికి నోట్లో మాట ఆగదు."

"ఆగకపోవడమే మంచిదైంది. ఆ గురువు ముందు వంగుతావా?"

"అందరం వంగుతాం మామ్మా. హాల్లోకి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు, ఫైట్‌కి ముందు, తరవాత. అది మర్యాద అంతే."

"ఏదీ, ఎలా వంగుతావో చూపించు."

"ఇలా. చేతులు పక్కన పెట్టి, నడుము దగ్గర్నుంచి."

"చాలు! లే పైకి, లే! అచ్చం అదే. యుద్ధం రోజుల్లో ఇక్కడే ముళ్ళకంచె దగ్గర జపాన్ సిపాయి నిలబడేవాడు. వచ్చేపోయే ప్రతివాడూ అలాగే వంగాలి. వంగకపోతే చెంప పగిలేది."

"తెలుసు మామ్మా. తాతయ్య కథే కదా."

"కథా?"

"సారీ. కథ కాదు. తాతయ్య వంగలేదు. సిపాయి మూడుసార్లు అరిచాడు, అయినా వంగలేదు. సయాంలో రైలు పట్టాలు వెయ్యడానికి లాక్కుపోయారు. తిరిగి రాలేదు. చిన్నప్పుడు అన్నం ముద్దలతో పాటు తినిపించావు."

"తింటే ఒంటికి పట్టలేదేం మరి? నువ్వు నల్లగుడ్డ ముక్క కోసం వంగితే, ఆయన పోయింది దేనికే?"

"నువ్వు గుళ్ళో పెరుమాళ్ళకి కూడా వంగవు! నిటారుగా నిలబడి దణ్ణం పెడతావు. అడిగితే నడుంనొప్పి అంటావు."

"నొప్పే."

"నొప్పి లేదు, ఏమీ లేదు. మార్కెట్ నుంచి అయిదు కిలోల బియ్యం మోసుకొస్తావు!"

"మాట మార్చకు. రోజూ పన్నెండు గంటలు కంప్యూటర్ ముందు వంగే ఉంటావు కదా, అది చాలదూ? ఆదివారం కూడానా?"

"కరాటే సిపాయిలది కాదు మామ్మా. అసలది చైనాది. ఫుకియన్ నుంచి ఓడల మీద ఒకినావాకి వచ్చింది. మన మూడో అంతస్తు టాన్ అంకుల్ వాళ్ళ తాతల ఊరి వైపు నుంచి. మొదట్లో దాన్ని చైనా చెయ్యి అనేవాళ్ళట. తరవాత జపాన్ వాళ్ళు ఖాళీ చెయ్యి అని మార్చారు."

"పేర్లు మార్చడం వాళ్ళకి అలవాటేలే. సింగపూర్‌ని పట్టుకుని స్యోనాన్ అన్నారు, మూడున్నరేళ్ళు. అలా పిలవడం నాకు ఒక్కనాడూ నోరు రాలేదు."

"మామ్మా, ట్యాక్సీ కింద వెయిట్ చేస్తోంది."

"చెయ్యనీ. ఆయనకెన్నేళ్ళు?"

"ఎవరికి?"

"మీ పెద్ద గురువుకి."

"ముసలాయన."

"మీ నాన్నంత ముసలా, నా అంత ముసలా?"

"...నీ అంత."

"నలభై మూడులో, మీ తాతని లాక్కుపోయిన ఏడు, ఎక్కడున్నాడు?"

"నాకేం తెలుసు?"

"తెలుసు. అబద్ధమాడేటప్పుడు మీ నాన్న జయరాం కూడా అలాగే చెవి గోక్కుంటాడు. ఎక్కడున్నాడే?"

"...ఇక్కడే."

"ఇక్కడంటే?"

"సింగపూర్‌లోనే. అప్పుడు ఇరవై ఏళ్ళట. మిలటరీ లారీ తోలేవాడట. నిన్న క్లాసులో తనే చెప్పాడు మామ్మా. ఎవరూ అడగలేదు. తనంతట తనే చెప్పాడు... మామ్మా? కావాలంటే నన్ను తిట్టు."

"నా ఆకుపచ్చ పట్టుచీర తియ్యి."

"ఎందుకు?"

"నేనూ వస్తాను."

"గొడవ చేస్తావా అక్కడ?"

"నేనెందుకు చేస్తాను? నువ్వు మీ తాత కృష్ణయ్యకి మనవరాలివి. ఆ జపాన్ గురువు ముందు ఎలా నిలబడతావో నా కళ్ళతో చూడాలి. ఇదిగో నీ సంచీ. వంగావో, మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు."

కమ్యూనిటీ క్లబ్బు హాలు. కీర్తిక మధ్యలో నిలబడింది, ఎదురుగా ఒకినావా గురువు. కుమారమ్మ గోడవార కుర్చీలో కూర్చుంది. పక్కన పార్థసారథి, హైదరాబాదు నుంచి దిగిన కంప్యూటర్ కుర్రాడు.

"రే!"

"ఏమని అరిచాడు బాబూ, లిమ్ మాస్టారు?"

"వంగి నమస్కారం చెయ్యమని, మామ్మగారూ. పరీక్ష దాంతోనే మొదలు."

"ఆ అరుపు నాకు తెలుసు."

"అదేంటి, కీర్తిక వంగట్లేదు? కీర్తికా! బౌ చెయ్!"

"రే!"

"రెండోసారి పిలిచారు. కంప్యూటర్ హ్యాంగైనట్టు అలా నిలబడిపోయిందేంటండీ?"

"నిలబడనీ."

"మూడోసారి కూడా వంగకపోతే బయటికి పంపేస్తారు మామ్మగారూ. ఆరేళ్ళు గంగలో కలిసిపోతాయి!"

"మూడోసారా? మూడోసారి అరవక ముందే... అదిగో, ఏదో మాట్లాడుతోంది. ఇంగ్లీషు నాకు ముక్క ముక్కే అందుతుంది. ఏమంటోంది బాబూ?"

"అమ్మో. 'మా తాత ఈ ఊళ్ళోనే మీ సిపాయి ముందు వంగలేదు. అందుకే ప్రాణం పోయింది. మీరప్పుడు ఇక్కడే ఉన్నారు. ముందు మీరు ఆయనకి వంగండి, తరవాత నేను మీకు వంగుతాను. బెల్ట్ ఇవ్వకపోయినా సరే' అంటోంది. సెన్సేతోనే అంటోంది!"

"అంత మాట అన్నదా, నా తల్లి!"

"అన్నది. అయ్యో, ఆయన లేచారు."

"కొడతాడా?"

"లేదండీ, ఇటే వస్తున్నారు. మీ దగ్గరికే."

"నా దగ్గరికెందుకు? నాతో ఏం పని?"

"ఆ తాత భార్య మీరేనా అని అడుగుతున్నారు. అవునన్నాను. మామ్మగారూ, మోకాళ్ళ మీద కూర్చున్నారు! నుదురు నేలకి ఆనించేశారు!"

"ఏదో గొణుగుతున్నాడు."

"వచ్చీరాని ఇంగ్లీషండీ. 'మా సైన్యంలో మేమంతా భయపడి వంగినవాళ్ళమే. వంగని మనిషికి ఇవాళ వంగుతున్నాను' అంటున్నారు."

"మామ్మా! చూశావా? తాతయ్యకి వంగాడు మామ్మా!"

"లేవమను కీర్తికా."

"ఇదే కదా నీకు కావాల్సింది? యాభై ఏడేళ్ళ నుంచి—"

"లేవమనవే! ఆ దణ్ణం మీ తాతది కాదు."

"ఏం మాట్లాడుతున్నావ్ మామ్మా?"

"వంగనిది ఆయన కాదే."

"మరెవరు?"

"పంతొమ్మిదేళ్ళు నాకు. చంకలో మీ నాన్న. ఒళ్ళంతా తలబిరుసు. మూడుసార్లు అరిచాడు. నేను వంగలేదు. నేనే."

"తాతయ్య?"

"మొదటి అరుపుకే వంగాడు. నా మీదకి తుపాకీ ఎత్తేసరికి అడ్డం పడి, నా బదులు ఇంకోసారి వంగాడు. పెళ్ళానికి మర్యాద నేర్పలేనివాడని ఆయన్నే లారీ ఎక్కించారు."

"మరి ఇన్నేళ్ళూ మాకెందుకలా చెప్పావు?"

"వంగినవాణ్ణి ఎవరు తలుచుకుంటారే? అందుకని నా వంగకపోవడం ఆయనకిచ్చేశాను."

"మామ్మా..."

"ఏడవకు. మనవరాలివి నాకే అయ్యావు. పార్థసారథీ, ఆయనింకా అలాగే ఉన్నాడేం?"

"ఆయనకి తెలుగు రాదు కదండీ. ఏం చెప్పమంటారు?"

"ఇంకోసారి వంగమను. ఈసారి వంగినవాడికి."