ముక్కబియ్యం పరీక్ష

విజయనగరంలోని కంటి ఆసుపత్రి నుంచి నర్సు ఫోనులో నారాయణమ్మ. రేవులో వల కుట్టుకుంటూ ఆమె భర్త నూకయ్య.

"నువ్వు డీపుఫేకువి!"

"దీపక్కు ఎవుడయ్యా? నాను నీ పెళ్ళాన్ని, నారాయణమ్మని!"

"దీపక్కు కాదే, డీపు ఫేకు! కంప్యూటర్లో కలిపిన గొంతు. మన ధనరాజ్ మావకి అచ్చం కొడుకు గొంతుతోనే ఫోనొచ్చింది. ఓటీపీ సెప్పీసాడు. సాయంత్రం కొడుకొచ్చి, నాను ఫోనే సెయ్యలేదన్నాడు."

"నా ఫోను సార్జింగు అయిపోయి నర్సమ్మది అడిగానయ్యా! నా ఆధారుకి నీ నెంబరుంది. నీకొచ్చిన ఓటీపీ సెప్తేనే ఆపరేషను లిస్టులో నా పేరెక్కుతాది. పన్నెండుకి లిస్టు మూసేస్తారంట. మన కూతురు రేఖ కౌంటరు కాడికెళ్ళి అరగంటయింది, ఇంకా రాలేదు, అయిపు లేదు. బేగి సెప్పు!"

"దొంగ కూడా బేగి బేగి అంటాడని మన గుంట రేఖే సెప్పింది. కొత్త నెంబరు, కంగారు, ఓటీపీ. మూడూ ఉన్నాయి నీకాడ."

"రెండు శుక్లాలు కూడా ఉన్నాయి నాకాడ! నిన్న ఉప్పనుకుని సేపల పులుసులో పంచదారేసాను, నువ్వే తిన్నావు!"

"తిన్నాను. కంటి తప్పనుకోలేదు, వంట తప్పనుకున్నాను."

"అది మనిద్దరికే తెలుసు కదా! ఇంకేటి సాక్ష్యం?"

"రేవంతా సెప్పుకున్నాను, సెల్లదు. గొంతేటి, రేపు మొకం కూడా సేసి వీడియోలో సూపిస్తారంట. ఇంటోళ్ళకే తెలిసిన మాటొకటి అడగాలంట. సెప్పు, బియ్యం ఇరిగితే ఏటంటారు?"

"ముక్కబియ్యం."

"ఊరంతా ఏటంటాది?"

"ఊరితో నాకేటి? కట్టుకున్నోడి పేరు తగుల్తాదని నాను ముక్కబియ్యమే అంటాను."

"ఊఁ... అయితే ఆ కట్టుకున్నోడి పేరు సెప్పు. ఓటీపీ ఇస్తాను."

"ఓలమ్మ! ముప్పై ఏళ్ళల్లో ఎప్పుడైనా సెప్పానా? రేఖ నాన్న. అంతే."

"పేరు."

"వల కుట్టేవోడు."

"రేవులో అందరూ వల కుట్టేవోళ్ళే. పేరు."

"నిద్దర్లో పళ్ళు కొరికేవోడు! ఓరయ్యా, పన్నెండుకి పది నిమిషాలే ఉన్నాది!"

"పేరు."

"నర్సమ్మా, సెవులు మూసుకో తల్లీ... నూకయ్య! నూకయ్య! నూకయ్య! సాలా? సెప్పు ఓటీపీ!"

"అయితే నువ్వు కచ్చితంగా ఫేకువే. నా పెళ్ళాం సచ్చినా నా పేరు సెప్పదు."

"ఇంటికి రానీ! నీ వలలోనే నిన్ను సుట్టీసి, ఎండుసేపల పక్కన ఆరేస్తాను!"

"ఆఁ, ఇది ఏ కంప్యూటరూ కలపలేదు. కోప్పడకే. ఓటీపీ ఎప్పుడో సెప్పీసాను."

"ఎవులికి?"

"రేఖకి. నీకంటే ముందే అడిగింది. ఆ ఫోను కట్ సేసి, దాని సొంత నెంబరుకి నానే మళ్ళీ కొట్టి సెప్పాను. నీ పేరెక్కీసింది, నాలుగో నెంబరంట."

"మరి ఇంతసేపూ నన్నెందుకు ఏపుకు తిన్నావు? ఫోను స్పీకర్లో ఉన్నాది, హాలంతా ఇంటన్నాది. నిజం సెప్పు! నన్నెప్పుడు పోల్చావు?"

"ముక్కబియ్యం అన్నావు సూడు, అప్పుడే."

"పోల్చీసి మరి పేరెందుకడిగావు?"

"ముప్పై ఏళ్ళయింది కదే... ఒక్కసారైనా నీ నోట ఇందామని."